మాస్టారి రెండు మాటలు

మాస్టారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. వాటితోపాటే మాటా పోయింది. ఆసుపత్రిలో ఉన్న మొదటి వారమంతా నోరు కదిపితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత ఒక పొద్దున, కూతురు తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే ఆయన కళ్లు తెరిచి, స్పష్టంగా, పూర్వపు గొంతుతోనే అన్నారు:

"అది కాదు."

కూతురు గుడ్డ గిన్నెలో పడేసి ఏడ్చింది. పోయిన మాట తిరిగొచ్చిందన్న సంతోషం కాబోలనుకుని నర్సు ఆమె భుజం తట్టింది. ఆమె ఏడుపు వేరు. ఆ రెండు మాటలు వినలేకే ఆమె పంతొమ్మిదో ఏట ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

మాస్టారంటే ఊళ్లో వయొలిన్ మాస్టారు. సగం ఊరికి కమాను పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన పాఠం పద్ధతి ఒకటే. పిల్ల వాయిస్తుంటే కళ్లు మూసుకుని వింటారు. తప్పు వచ్చిన చోట "అది కాదు" అంటారు. ఎక్కడ తప్పో చెప్పరు, ఎలా దిద్దుకోవాలో చెప్పరు. పిల్ల మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. సరిగ్గా వచ్చిన రోజున ఏమీ అనరు, లేచి వెళ్లిపోతారు. కూతురికి ఐదో ఏట మొదలైన పాఠం పద్నాలుగేళ్లు నడిచింది. ఆ పద్నాలుగేళ్లలో ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆమె వయొలిన్ పెట్టెలో పెట్టేసి చప్పుళ్ల వెంట పడింది. పాడుబడ్డ మిల్లుల్లో, నీళ్లు తీసేసిన ఈత కొలనుల్లో, వంతెనల కింద, కూరగాయలు దాచే చల్లటి గిడ్డంగుల్లో తిరిగేది. కొత్త చోటికి వెళ్తే మొదటిరోజు ఏ యంత్రమూ తీసుకెళ్లేది కాదు. గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది. చెవికి మొదట పెద్ద చప్పుళ్లు తగులుతాయి, అవి అలవాటయ్యాక వాటి వెనకున్నవి బయటికొస్తాయి, అందాకా ఓపిక పట్టాలి అనేది. ఆ తర్వాతే మైకు. రికార్డు చేసినదాన్ని నెలల తరబడి వినేది. విని, వాద్యగాళ్ల కోసం కాగితం మీద గీతలు గీసేది. స్వరాలు తక్కువ, సూచనలు ఎక్కువ. "పక్కవాళ్ల ఊపిరి వినపడేంత మెల్లగా వాయించండి. వినపడడం మానేస్తే ఆపండి." ఇలాంటివి. దేశదేశాల్లో అలాంటి సంగీతం వినేవాళ్లు కొద్దిమంది ఉంటారు. ఆ కొద్దిమందిలో ఆమెకు మంచి పేరుంది. వీధిలో మాత్రం చప్పుళ్లమ్మ అనేవారు.

కూతురి కచేరీకి మాస్టారు ఒక్కసారే వెళ్లారు. నలుగురు మనుషులు నాలుగు చెక్కబల్లల మీద అరచేతులతో రాస్తూ, ఆ రాపిడిలోంచి పాటలాంటిదేదో లాగే రచన అది. సగంలో లేచి వచ్చేశారు. ఇంటికొచ్చి భార్యతో, బల్ల తుడవడానికి నలుగురెందుకో, ఇంట్లో నువ్వొక్కదానివే తుడుస్తున్నావుగా అన్నారట. తల్లి ఆ మాట కూతురికి చెప్పి నవ్వింది. కూతురు కూడా నవ్వింది కానీ, ఆ రచనను మళ్లీ ఎక్కడా వాయించనివ్వలేదు.

తల్లి పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు తండ్రిని ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చినప్పుడు అన్నయ్య తన ఉద్యోగం గురించీ, పిల్లల చదువుల గురించీ చెప్పి, "నీ పని ఎక్కడున్నా చేసుకోవచ్చు కదా చిట్టీ, చప్పుళ్లు నాన్న ఇంట్లో మాత్రం ఉండవా" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. ఆమె స్టేషను దగ్గరి తన అద్దెగది ఖాళీ చేసి, మైకులూ వైర్లూ నాలుగు పెట్టెల్లో సర్దుకుని తండ్రి ఇంటికి వచ్చేసింది.

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే మలుపు దగ్గర చక్రాల కుర్చీ తిరగదు. ఆసుపత్రి మనుషులు స్ట్రెచర్ నిలువుగా ఎత్తి ఆయన్ని పైకి చేర్చిన రోజు తర్వాత ఆయన కిందికి దిగనే లేదు. పొద్దున ఒక ఆయా వచ్చి స్నానం చేయించి, కాస్త కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి వెళ్లిపోయేది. కూతురికి బయటి గాలి పీల్చుకునే వేళ అదే. మందులు, కూరగాయలు, బ్యాంకు అన్నీ అప్పుడే. తర్వాత మర్నాటి దాకా ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే. కింద మోటార్లకు తీగ చుట్టే కొట్టు ఉండేది. అక్కడ మోటారు పరీక్షించినప్పుడల్లా ఇంటి నేల సన్నగా వణికేది. పూర్వమైతే ఆ వణుకు కోసమే ఆమె వారం రోజులు ఆ ఇంట్లో మకాం వేసేది.

ఆయనకు మూడో మాట రాలేదు. నెలలు గడిచినా అవే రెండు. ఆకలేసినా, దప్పికేసినా, దోమ కుట్టినా, కొడుకు వచ్చినా, కొడుకు వెళ్లిపోతున్నా, అది కాదు. మంచినీళ్లా అని అడిగితే అది కాదు. దిండు సర్దనా? అది కాదు. కిటికీ తలుపు? అది కాదు. కాలు నొప్పా? అది కాదు. అన్నీ అయ్యాక విసిగి గ్లాసు నోటి దగ్గర పెడితే గటగటా తాగేసేవారు. మొదట అడిగింది నీళ్లే కదా, అప్పుడెందుకు కాదన్నాడు? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మాట నేర్పే డాక్టరమ్మ ఒకసారి వచ్చి చూసి, ఆయన కాదనడం లేదని చెప్పింది. ఔనన్నా, థాంక్స్ అన్నా, తిట్టినా ఆయనకు బయటికొచ్చే దారి ఆ ఒక్కటే. లోపల సరైన మాటే ఉంటుంది, పెదాల దాకా వచ్చేసరికి ఇలా మారిపోతుంది. అది ఆయనకూ తెలుస్తుంది, అందుకే కోపం. కొందరికి బూతు మిగులుతుందట, కొందరికి పెళ్లాం పేరు మిగులుతుందట. జీవితమంతా ఎక్కువగా వాడిన మాట మిగలడం మామూలేనంది.

డాక్టరమ్మ చెప్పింది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన చెవి ఊరుకోదు. పక్కగదిలో కాగితం ముందు కూర్చుని ఒక గీత గీస్తుందో లేదో, గోడ అవతలి నుంచి ఆ గొంతు: అది కాదు. చేతిలో పెన్సిలు ఆగిపోయేది. లేచి వెళ్లేది, నీళ్లో దిండో చూసేది, వచ్చి గీసిన గీత చెరిపేసేది.

ఆమె అప్పటికే ఒక రచన ఒప్పుకుని ఉంది. వేరే ఊళ్లో పన్నెండుమంది తీగవాద్యాల బృందం ఉంది. వాళ్లకోసం అరగంట రచన. ఆ బృందం నడిపేది మాస్టారి పాత శిష్యురాలే. సన్నగా, పొడుగ్గా, మెడ సాచి వాయిస్తుందని మాస్టారు చిన్నప్పుడే కొంగ అని పేరు పెట్టారు. ఇప్పుడు బృందంలో ఆవిడది వయోలా. యాభై దాటాయి, ఇద్దరు మనవలు. ఫోను చేస్తే ఇప్పటికీ "నేనే, కొంగని" అనే మొదలుపెడుతుంది. రచన ఎంతవరకు వచ్చిందని కొంగ అడిగినప్పుడల్లా, వస్తోంది అక్కా అని చెప్పేది. నిజానికి కాగితం తెల్లగానే ఉంది. బయటికెళ్లి వినడానికి వీల్లేదు, ఇంట్లో వినడానికి మనసొప్పదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రెండు గదుల మధ్యే తిరిగేది.

ఒక మధ్యాహ్నం వరసగా అడిగి అడిగి, వరసగా కాదనిపించుకుని, ఆమె మంచం పట్టె పట్టుకుని, "ఏది కాదు నాన్నా? నేను కాదా? నేనేం చేస్తే ఔతుంది?" అంది. గట్టిగా అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. ఆయన కుడి కంటి లోంచి నీళ్లు జారి చెవిలోకి పోయాయి. తుడుచుకోబోతే ఎడమ చెయ్యి సరిగా అందలేదు. ఆమె తుడవకుండా చూస్తూ నిలబడింది. తర్వాత చాలాసేపు వంటింట్లో కుళాయి తిప్పి దాని ముందు నిలుచుంది.

ఆ మర్నాడే ఆయన మంచం దగ్గర చిన్న మైకు ఒకటి బిగించింది. తలుపులు రెండూ మూసుకుని పని చేసుకోవాలి, ఆయన పిలిస్తే తెలియాలి, అందుకు. వైరు గుమ్మం కింది నుంచి లాగి హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుంది. అప్పుడు మనిషి కనపడలేదు. మొహం, మంచం, మందుల వాసన ఏమీ లేవు. చెవిలో గొంతొక్కటే ఉంది. ఇరవై ఐదేళ్ల అలవాటు తనంతట తాను లేచి కూర్చుంది. మాటలోని అర్థాన్ని పక్కకు నెట్టి, చప్పుడు వినడం మొదలుపెట్టింది.

మొదటి రెండు రోజులు తేడా తెలియలేదు. తర్వాత తెలిసింది. ఒకసారి "అది" కింద నుంచి మొదలై "కాదు" ఇంకా కిందికి, మెట్లు దిగినట్టు దిగింది. వెళ్లి నీళ్లిస్తే తాగారు. ఇంకోసారి "ది" సాగింది, చివర "దు" పైకి లేచింది. వెలుతురు కళ్లలో పడుతోంది, కర్టెన్ లాగాలి. రెండు మాటల మధ్య చిన్న ఖాళీ వస్తే నొప్పి. "కా" మీద చటుక్కున నొక్కి వదిలేస్తే ఔను. అచ్చం కమాను తీగ మీద నొక్కి ఎత్తినట్టు. మనిషి మాట పోగొట్టుకున్నాడు కానీ వాయిద్యం పోగొట్టుకోలేదు. ఉన్న ఒక్క పదాన్నే రోజంతా రకరకాలుగా వాయిస్తున్నాడు, వినేవాళ్లు లేరు.

మరొకటి ఉండేది, దాన్ని ఆమె పోల్చుకోలేకపోయింది. మధ్యాహ్నం ఎండ తగ్గే వేళ, మెల్లగా, ఎక్కడా ఎత్తు పల్లాలు లేకుండా, ఒకే శ్రుతిలో అనేవారు. వెళ్తే ఏమీ అక్కర్లేదు. ఊరికే ఆమె వైపు చూసేవారు.

ఆయన మాట ముగిసేలోపే గ్లాసు అందించిన రోజున మాస్టారు ఆమెను పైనుంచి కిందికి చూశారు. మూతి ఎడమవైపు వంకరగా కదిలింది. అది నవ్వేనని ఆమె అనుకుంది. ఆ రోజు సాయంత్రం ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు. ఆమె అడగడం, ఆయన నొక్కి చెప్పడమో, సాగదీసి చెప్పడమో. అమ్మ చీరలు బీరువాలోనే ఉంచనా? ఔను. ఆయా బాగా చూస్తోందా? ఔను, మళ్లీ మధ్యలో ఖాళీ, అంటే చేతులు మోటు. ఆమె పడీ పడీ నవ్వింది. పెద్దయ్యాక తండ్రితో అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

సంతోషం వారం నిలిచింది. తర్వాత అసలు సంగతి తేలింది. ఆయన చెప్పేది ఆమె ఒక్కదానికే అర్థమౌతోంది. దాంతో ఆయన ఇంకెవరికీ చెప్పడం మానేశారు. ఆయా ఏదడిగినా పెదవి బిగించి తలుపు వైపు చూసేవారు. ఆయా కూడా, "మీరే రండమ్మా, మీకైతే ఇట్టే తెలిసిపోతుంది" అని కూరగాయల సంచి పట్టుకున్నదాన్ని గుమ్మంలో ఆపేసేది. పొద్దుటి ఆ కాస్త గాలీ పోయింది. అంతకుముందు అన్నయ్య, ఊరి చివర ఇలాంటివాళ్లను చూసుకునే చోటు ఒకటుందని అప్పుడప్పుడు అంటుండేవాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు, కానీ ఆ మాట ఒకటి గాల్లో ఉండడమే ఆమెకు ఊపిరిగా ఉండేది. ఇప్పుడు వాడు, "నీకు ఆయన భాష వచ్చేసిందిగా, ఇంకా వేరే చోటెందుకు" అని తేల్చేశాడు. బోను తలుపు తాను నేర్చిన విద్యతో తానే వేసుకున్నట్టయింది.

ఇక మిగిలింది ఆ చప్పుళ్లే. ఆమె వాటినే రాయడం మొదలుపెట్టింది. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు ముక్కను పది ఇరవై సార్లు తిప్పి వినేది. ఎక్కడ లేస్తోంది, ఎక్కడ గీసుకుపోతోంది, ఊపిరి ఎక్కడ తెగుతోంది, అన్నీ గీతలుగా పెట్టేది. కాగితం పైన గీత, దాని కింద కమానుకు సూచన. నీళ్ల గీత, వయొలిన్ కన్నా కాస్త బరువు గొంతున్న వయోలాలకు. కర్టెన్ గీత రెండో వరస వయొలిన్లకు. నొప్పి గీత, కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే సెల్లోలకు. ఏమీ అక్కర్లేని ఆ మధ్యాహ్నపు గీతను రచన నడుమ పెట్టి పన్నెండుమందికీ ఇచ్చింది. వాద్యాల మధ్యలో అక్కడక్కడ ఆయన అసలు గొంతునే వినిపించాలని కూడా అనుకుంది.

అయితే అడగాలి కదా. ఒకరోజు మంచం పక్కన కూర్చుని అంతా వివరంగా చెప్పింది. "నీ గొంతు వాడుకోనా నాన్నా?" అంది. ఆయన ఇంటికప్పు వైపు చూసి, "అది కాదు" అన్నారు.

అందులో నొక్కుందా లేదా? ఆమెకు తెలియలేదు. రికార్డయింది కాబట్టి వెళ్లి విన్నది. ఔననిపించింది. మళ్లీ విన్నది. కాదనిపించింది. వినే కొద్దీ తనకేది కావాలో అదే వినపడుతోందని ఆమెకు అర్థమైంది. మర్నాడు మళ్లీ అడిగితే ఆయన కళ్లు మూసుకున్నారు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. తండ్రి పక్కన ఎప్పటిలాగే ఫోను చూసుకుంటూ కూర్చుని, లేచి చెల్లెలి గదిలోకి వచ్చాడు. స్పీకర్లో ఆ గొంతు నడుస్తోంది. బల్ల మీద కాగితాలు. ఆమె సంగతి చెప్పింది. వాడు ఒక కాగితం ఎత్తి చూసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"నోరు పోయిన మనిషే ఆయన," అన్నాడు చివరికి. "వద్దని చెప్పడానికి కూడా వేరే మాట లేదు. ఆ గొంతు పట్టుకెళ్లి జనంలో పెడతావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

ఆమె కాగితాలు సర్దింది.

"చెప్పు చిట్టీ, ఏమన్నాడు?"

"అది కాదు అన్నాడు."

అన్నయ్యకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వుకే సిగ్గుపడినట్టు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆమె ఆ సాయంత్రం రచనలోంచి ఆయన గొంతు ఉన్న ముక్కలన్నీ తీసేసింది. తీగలు మాత్రం ఉంచింది. అది న్యాయమో, సగం దొంగతనమో తనకే తెలియదని కొంగతో ఫోనులో చెప్పుకుంది. కొంగ అంతా విని, తానే వస్తానంది. నువ్వు ఇల్లు కదలలేవు, మేమే మెట్లెక్కుతాం, మాస్టారి ముందే వాయిస్తాం, ఆయన మొహం చూస్తే మనకు తెలియకపోదు అంది.

బృందంలోంచి నలుగురు వచ్చారు. సెల్లో పెట్టె మెట్ల మలుపులో ఇరుక్కుంటే కింద మోటార్ల కొట్టువాళ్లు వచ్చి ఎత్తారు. మాస్టారికి ఆయా తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. మంచం చుట్టూ నాలుగు కుర్చీలు పట్టక ఒకాయన గుమ్మంలో కూర్చున్నాడు. నేనే, కొంగని అని ఆవిడ వంగి చెప్పగానే మాస్టారి మూతి ఎడమవైపు కదిలింది.

వాయించడం మొదలుపెట్టారు. రెండు గీతలు దాటకముందే మాస్టారు "అది కాదు" అన్నారు. కొంగ చటుక్కున ఆపి, కమాను ఎత్తి, మొదటినుంచి అందుకుంది. తాను ఏం చేసిందో అప్పుడు తెలిసి ఆవిడకే నవ్వొచ్చింది. మిగతా ముగ్గురూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మళ్లీ అన్నారు. మళ్లీ మొదటినుంచి. మూడోసారి ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీది నుంచి లేచింది. మోచెయ్యి కాస్త కిందికి దించి, మణికట్టు వదులుగా వేలాడదీసి చూపించారు. కొంగ అలాగే మోచెయ్యి దించింది. నీళ్ల గీత మారిపోయింది. ఇందాకటి గరుకు పోయి, గొంతెండిన మనిషి అడిగినట్టుగా వచ్చింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

అలా ఎంతోసేపు సాగింది. కొంగ జాకెట్టు చెమటతో తడిసింది. గుమ్మంలో కూర్చున్నాయన సగంలో చెప్పులు విప్పేసి ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించాడు. కూతురు మాత్రం గోడకానుకుని ఒకటే ఆలోచిస్తోంది. దిద్దుతున్నాడా? లేక ఆపమని మొత్తుకుంటుంటే మేము మొండిగా వాయిస్తూనే ఉన్నామా? మధ్యాహ్నపు గీత వచ్చింది. నలుగురూ ఒకే శ్రుతిలో, మెల్లగా. మాస్టారు అప్పుడు ఏమీ అనలేదు. లేచి వెళ్లిపోవడానికి కాలు కదలదు కాబట్టి మొహం గోడవైపు తిప్పుకున్నారు.

సరిగ్గా వచ్చిందని చెప్పడానికి పూర్వం ఆయన చేసే పని అదేనని కొంగ అంది. కావచ్చు. అలిసిపోయి ఉండవచ్చు కూడా. తన కూతురు తన నోటి మాటను నలుగురి చేత వాయిస్తుంటే చూడలేకపోయి ఉండవచ్చు. ఆమె ఈసారి అడగలేదు.

అందరూ వాద్యాలు పెట్టెల్లో పెట్టుకుంటుండగా మాస్టారు గోడవైపు నుంచే ఒకసారి గొంతు విప్పారు. ఆమె కదిలేలోపే కొంగ వెళ్లి, మేజా బల్ల మీది గ్లాసు తీసి, ఆయన తల కింద చెయ్యి పెట్టి తాగించింది. తాగాక మూతి తుడిచింది.

ఎలా తెలిసిందని ఆమె అడిగింది.

"ఏముంది, మొదటి పేజీలోని నీళ్ల గీతేగా," అంది కొంగ. "పదిహేను రోజులుగా అదే సాధన చేస్తున్నాను."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె ఆయాను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీతలు పాడి వినిపించింది. ఆయాకు కాగితంతో పని పడలేదు. పని చేసుకుంటూ నీళ్లది, కర్టెన్‌ది, నొప్పిది కూనిరాగాలు తీసి నాలుగు రోజుల్లో పట్టేసింది. మాస్టారు మొదట బిగుసుకున్నారు, తర్వాత ఆయాతో కూడా అనడం మొదలుపెట్టారు. ఆమె మళ్లీ పొద్దున పూట సంచి పట్టుకుని వీధిలోకి వెళ్లింది.

కష్టమంతా అన్నయ్యతోనే. కచేరీకి ఆమె వెళ్లాలంటే వాడు రెండు రోజులు ఇక్కడ ఉండాలి. ఉంటానన్నాడు కానీ, గీతలు నేర్చుకోమంటే మాత్రం నా వల్ల కాదన్నాడు. "నాకు సంగీతానికి చెవి లేదని ఆయనే తేల్చేశాడు కదే. ఎనిమిదేళ్లప్పుడు. నువ్వు లోపల వాయిస్తుంటే నేను వరండాలో బంతి ఆడుకునేవాణ్ని. నాతో 'అది కాదు' అనడం కూడా మానేశాడు, తెలుసా?" అన్నాడు. ఆమెకు తెలియదు. తనకొక్కదానికే ఆ మాట శిక్ష అనుకుంది ఇన్నాళ్లూ. దానికి కూడా నోచుకోని వాడొకడు వరండాలో ఉన్నాడని ఎప్పుడూ అనిపించలేదు. చివరికి వాడి కోసం రికార్డులు ఫోనులో వేసి ఇచ్చింది. కారులో వింటానన్నాడు. విన్నాడో లేదో అడగలేదు.

ఆమె బస్సెక్కి ఆ ఊరు వెళ్లింది. కచేరీ హాలు నిండలేదు, ఖాళీగానూ లేదు. పన్నెండుమంది కూర్చుని, దీపాలు తగ్గాక, రచన మొదలైంది. చాలా బాగా వాయించారు. కాని ఆమె వినలేకపోయింది. వయోలాలు నీళ్ల గీత ఎత్తుకోగానే ఆమె కాళ్లు కదిలాయి, సగం లేచి కూర్చుంది. రెండో వయొలిన్లు కర్టెన్ అడిగాయి. అరచేతులు కుర్చీ చేతులను పట్టుకున్నాయి. సెల్లోలు నొప్పి అంటుంటే పంటి బిగువున కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని సంగీతం వింటున్నారు. ఆమెకు అది పని. నూటయాభై మైళ్ల దూరం వచ్చినా ఆ మంచం పక్కనే ఉంది. మధ్యాహ్నపు గీత వచ్చి పన్నెండు వాద్యాలూ ఒకే శ్రుతి మీద నిలిచినప్పుడు, ఏమీ చేయనక్కర్లేదు గనక, ఆ కాస్తసేపు మాత్రం వెనక్కి వాలింది.

చప్పట్లు కొట్టారు. కొంగ ఆమెను వేదిక మీదికి లాగింది. తర్వాత ఎవరో వచ్చి, ఇంత కొత్త ధ్వనులు ఎక్కడ సంపాదించారని అడిగితే, మా ఇంట్లో అంది. హాలు బయటికొచ్చి అన్నయ్యకు ఫోను చేసింది. బాగానే ఉన్నాడన్నాడు. అన్నం తిన్నాడా అంటే తిన్నాడు. ఏమైనా అడిగాడా అంటే, చాలా అడిగాడు, ఏం అడిగాడో దేవుడికి తెలియాలి అన్నాడు. గొంతులో విసుగు లేదు.

మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరింది. పెట్టె మోసుకుంటూ మూడో అంతస్తు మలుపు దగ్గరికి రాగానే తెరిచి ఉన్న తలుపులోంచి గొంతులు వినిపించాయి. తండ్రి ఆ మాటే అన్నారు. "ది" సాగింది, "దు" పైకి లేచింది. పడమటి ఎండ కళ్లలో పడుతోందని ఆమెకు మెట్ల మీదే తెలిసింది.

"నీళ్లా?" అన్నాడు అన్నయ్య.

మాస్టారు మళ్లీ అన్నారు. ఈసారి ఇంకా నిదానంగా, "ది"ని ఇంకొంచెం సాగదీసి. కూతురితో ఏనాడూ అంత నిదానంగా అనలేదు.

"ఆగు, ఆగు నాన్నా," అన్నాడు అన్నయ్య. తర్వాత వాడి గొంతు ఆ వరసను తానే ఎత్తుకుంది. అపశ్రుతిలో, ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది. "ఇలాగేనా? పైకి పోతుందా చివర?"

మాస్టారు "కా" మీద నొక్కి వదిలారు.

"పైకి. పైకంటే ఏంటబ్బా... దిండా?"

ఆమె చెయ్యి తలుపు దాకా వెళ్లింది. ఒక్క మాట చాలు, కర్టెన్ అన్నయ్యా అంటే అయిపోతుంది. లోపల తండ్రి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పెట్టెను చప్పుడు కాకుండా కింద పెట్టి, చెప్పులు విప్పుకుని, మెట్టు మీద కూర్చుంది.